హైస్కూల్లో విద్యార్థుల మాట, చదువుల ఒత్తిడి, బడి కార్యక్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లుగా మా ఉన్నత పాఠశాలలో విద్యార్థి మండలి బాధ్యత నాదే. పిల్లలు, తల్లిదండ్రులు, తోటి ఉపాధ్యాయులు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒక చోట చేర్చాను. మొదట వీటిని మూడు భాగాలుగా విడదీయాలనుకున్నాను. కానీ ఒత్తిడి గురించి అడిగిన ప్రశ్నకు జవాబు విద్యార్థి మండలిలో దొరుకుతోంది, కార్యక్రమాల గురించి అడిగినదానికి జవాబు పరీక్షల టైంటేబుల్లో దొరుకుతోంది. అందుకే కలిపే ఉంచాను.

విద్యార్థుల మాట వినడం అంటే పిల్లలు అడిగినవన్నీ ఇచ్చేయడమా?

కాదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ తనకు సంబంధించిన అన్ని విషయాల్లో దాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు ఉంది. ఆ అభిప్రాయానికి వయసును, పరిణతిని బట్టి తగిన విలువ ఇవ్వాలి. చెప్పినదల్లా జరిగి తీరాలని అందులో లేదు. చెప్పుకోనిచ్చి ఊరుకోమని కూడా లేదు.

బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు లారా లండీ 2007లో ఈ అధికరణాన్ని నాలుగు ముక్కలుగా విడమరిచారు. చెప్పుకోవడానికి చోటు, చెప్పడానికి గొంతు, వినడానికి మనిషి, విన్నదానివల్ల కలిగే ప్రభావం. చాలా బడుల్లో మొదటి రెండూ కనిపిస్తాయి. అసెంబ్లీలో మైకు ఇస్తారు, గోడపత్రిక పెట్టనిస్తారు. మూడోదాని దగ్గరకు వచ్చేసరికి వినే మనిషికి తీరిక ఉండదు, నాలుగోది ఊసులోనే ఉండదు. నేను చూసే కొలత ఒకటే: అడిగిన పిల్లకు జవాబు అందిందా, లేదా. "కుదరదు, కారణం ఇది" అని చెప్పినా సరే, ఆ పిల్ల మళ్లీ నోరు తెరుస్తుంది. ఏ జవాబూ రాకపోతే మాత్రం రెండోసారి అడగదు.

మా బడిలో సలహాల పెట్టె ఉంది. అందులో ఎవరూ ఏమీ వేయడం లేదు. ఎందుకు?

ఆ పెట్టెను చివరిసారి ఎప్పుడు తెరిచారో కనుక్కోండి.

నేను ఈ బాధ్యత తీసుకున్న మొదటి నెలలో మెట్ల కింద వేలాడుతున్న పెట్టె తాళంచెవి కోసం వెతికాను. ఆఫీసు సొరుగులో పాత రబ్బరు స్టాంపు కింద దొరికింది. పెట్టెలో పదకొండు చీటీలున్నాయి. రెండింటి మీద ఏమీ రాయలేదు, ఒకదాని మీద పిల్లి బొమ్మ ఉంది. ఇంకొక చీటీ మీద గుండ్రటి అక్షరాలతో, తప్పులు లేకుండా ఇలా ఉంది: "రెండో అంతస్తులో కుళాయి తిరగడం లేదు. మేము కిందికి వచ్చి నీళ్లు తాగి పైకి వెళ్లేలోగా గంట కొడుతున్నారు. ఆలస్యమైందని బయట నిలబెడుతున్నారు." అడుగున తొమ్మిదో తరగతి అని రాసి తేదీ కూడా వేసింది. అప్పటికి ఏడాదిన్నర గడిచింది. ఆ అమ్మాయి బడి చదువు ముగించి వెళ్లిపోయింది. పైకి వెళ్లి చూశాను, కుళాయి అలాగే బిగుసుకుపోయి ఉంది. ఆలస్యంగా వచ్చారని ఆ తరగతిని బయట నిలబెట్టినవారిలో నేనూ ఉన్నాను. ఆ చీటీ ఇప్పటికీ నా డైరీలో ఉంది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ప్రతి శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒక ఉపాధ్యాయురాలు, ఒక విద్యార్థి కలిసి పెట్టె తెరుస్తారు. నోటీసు బోర్డు మీద ఎడమవైపు అడిగిన విషయం, కుడివైపు జవాబు, దాని పక్కన ఆ పని ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా చూస్తారు అన్నది రాస్తారు. ఎవరి మీదనైనా వ్యక్తిగతంగా రాసిన చీటీని బోర్డు మీద పెట్టం, విడిగా చూస్తాం. మొదటి వారం ఎడమవైపు రాసింది కుళాయి గురించే. అది బాగుపడ్డ పదిహేను రోజులకు పెట్టె మూత పడనంతగా చీటీలు వచ్చాయి.

తరగతి ప్రతినిధిగా మార్కులు బాగా వచ్చేవారినే పెట్టాలా?

వద్దు. మార్కులు ఒక శక్తికి గుర్తు, పదిమంది తరఫున మాట్లాడటం వేరే శక్తి. చేతులెత్తించకుండా చీటీల మీద రహస్యంగా ఓటు వేయించండి. చేతులెత్తమంటే పక్కవాడి చెయ్యి చూసి ఎత్తుతారు. పదవీకాలం సగం సంవత్సరం చాలు, మరొకరికి అవకాశం వస్తుంది. ఒక ఏడాది మా తరగతివాళ్లు పెద్దగా మాట్లాడని అబ్బాయిని ఎన్నుకున్నారు. కారణం అడిగితే "వాడు చెప్పింది గుర్తుపెట్టుకుంటాడు టీచర్" అన్నారు. సమావేశానికి వచ్చినప్పుడు అతని చేతిలో తరగతిలో అందరి పేర్లూ, పేరు పక్కన ఒక్కొక్క వాక్యమూ ఉన్న కాగితం ఉంది.

పిల్లలకు నిర్ణయాలు ఎంతవరకు అప్పగించవచ్చు?

ఇంగ్లండులోని సమ్మర్‌హిల్ పాఠశాల 1921లో మొదలైంది. అక్కడ బడి సమావేశంలో చిన్నపిల్లలకూ ఒక ఓటే, పెద్దలకూ ఒక ఓటే. అందరూ అంతదూరం వెళ్లాలని నేను అనను. కానీ ఇక్కడ ఒక నిచ్చెనను గుర్తుపెట్టుకోవాలి. రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్లుగా చూపించారు. కింది మూడు మెట్ల మీద పిల్లలు ఉన్నట్టు కనిపిస్తారు గానీ, అది భాగస్వామ్యం కాదంటారు ఆయన. పెద్దల పనికి పిల్లలను వాడుకోవడం ఒకటి, అలంకారంగా నిలబెట్టడం రెండోది, నామమాత్రంగా కూర్చోబెట్టడం మూడోది. అన్నిటికన్నా పై మెట్టు మీద పిల్లలే పని మొదలుపెట్టి, పెద్దలతో కలిసి నిర్ణయిస్తారు.

మీ బడిలో పోయిన ఏడాది జరిగిన పనులను ఈ నిచ్చెన మీద నిజాయితీగా పెట్టి చూడండి. ముఖ్య అతిథి రాక కోసం పూలు పట్టుకుని గంటసేపు ఎండలో నిలబడ్డ పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారు? విద్యార్థి మండలి సమావేశంలో ముందే టైపు చేసిన తీర్మానం మీద సంతకం పెట్టిన ప్రతినిధి ఏ మెట్టు మీద ఉన్నాడు?

భద్రత, చట్టం, ఒకరి వ్యక్తిగత విషయాలు పెద్దల చేతుల్లోనే ఉండాలి. యూనిట్ టెస్టుల తేదీలు, గ్రంథాలయం వేళలు, ఆటస్థలం వంతులు, కార్యక్రమాల రూపకల్పన వంటివాటిలో పిల్లలకు నిజమైన ఓటు ఇవ్వడానికి ఏ అడ్డమూ లేదు.

ఒక ఉపాధ్యాయుడి బోధన గురించి చెప్పాలని ఉంది. మార్కులు తగ్గిస్తారేమోనని భయం. ఏం చేయాలి?

ఆ భయం మీకొక్కరికే ఉన్నది కాదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఒక్కరే వెళ్లకుండా తరగతి ప్రతినిధి ద్వారా చెప్పండి. మనిషి గురించి కాకుండా జరిగిన పని గురించి మాట్లాడండి. "సార్ చాలా వేగంగా చెప్తారు" అంటే వినేవారికి అది నింద. "పోయిన రెండు పాఠాల్లో బోర్డు మీద లెక్క చెరిపేలోగా రాసుకోలేకపోయాం, రెండు నిమిషాలు ఆగితే సరిపోతుంది" అంటే అది ఆయన రేపే సరిచేసుకోగల పని. ఉపాధ్యాయురాలిగా చెబుతున్నాను, రెండో రకం మాట మేం ఎక్కువసార్లు వింటాం.

కొట్టడం, అవమానించడం, అనుచితంగా తాకడం, ఒంటరిగా రమ్మనడం వంటివి ఈ లెక్కలోకి రావు. వాటికి పెట్టె, ప్రతినిధి, సమావేశం అంటూ ఎదురుచూడవద్దు. మీరు నమ్మే పెద్దవారికి ఆ రోజే చెప్పండి. మొదటివారు పట్టించుకోకపోతే రెండోవారికి చెప్పండి. తప్పు మీది కాదు.

బడి నియమం అన్యాయమనిపిస్తే బహిరంగంగా వ్యతిరేకించవచ్చా?

దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. అమెరికాలోని డెమోయిన్ నగరంలో 1965 డిసెంబరులో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీలు కట్టుకుని బడికి వచ్చారు. బడి వారిని ఇంటికి పంపేసింది. 1969లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. బడి పనికి గణనీయంగా ఆటంకం కలిగిందా లేదా అన్నదే అక్కడ గీటురాయి అయింది. ఆ తీర్పు వర్తించని చోట కూడా ఆ ప్రశ్న పనికొస్తుంది. మీ నిరసన వల్ల పక్క తరగతి పాఠం ఆగకపోతే, ఇతరుల మర్యాదకు భంగం కలగకపోతే, దాన్ని వినాల్సిన బాధ్యత బడి మీద పెరుగుతుంది.

ఒత్తిడి అంతా చెడ్డదేనా? కొంచెం భయం ఉంటేనే చదువుతారని ఇంట్లో అంటారు.

ఇంట్లోవారి మాటలో సగం నిజముంది. రాబర్ట్ యెర్కిస్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లో ఎలుకల మీద ప్రయోగం చేశారు. తప్పు దారిలోకి వెళ్లిన ఎలుకకు కరెంటు షాకు తగిలేది. తేడా తేలిగ్గా తెలిసే దారుల్లో షాకు పెంచినకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్థంగా ఉన్న షాకే బాగా పనిచేసింది, దాన్ని మించితే నేర్చుకోవడం మందగించింది.

పిల్లలు ఎలుకలు కారు, నిజమే. అయినా తరగతి గదిలో నేను రోజూ చూసేది దీనికి దగ్గరగానే ఉంటుంది. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కాస్త గుబులు ఉంటే నష్టం లేదు. కొత్త రకం లెక్కను విప్పాల్సి వచ్చినప్పుడు అదే గుబులు చెయ్యి కట్టేస్తుంది. కష్టమైన పాఠం దగ్గరే పెద్దలు ఎక్కువగా భయపెడతారు, అదే పొరపాటు. గడువు దగ్గరపడి వేగం పెరిగి, పని అయ్యాక తేలికపడితే అది మామూలు ఒత్తిడి. పరీక్ష అయిపోయినా నిద్ర పట్టకపోవడం, ఆకలి పోవడం, ఇష్టమైన ఆట మీద కూడా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది వేరే సంగతి. అప్పుడు సాయం తీసుకోవాలి.

చదువుతున్నంతసేపు అన్నీ వచ్చినట్టే ఉంటాయి. పరీక్షలో ఒక్కటీ గుర్తురాదు. నా జ్ఞాపకశక్తి తక్కువా?

మీ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు. చదివే పద్ధతి మిమ్మల్ని మభ్యపెడుతోంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు కొన్ని పేరాలు ఇచ్చారు. కొందరు వాటినే మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివాక కాగితం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే చూడకుండా రాసినవారు బాగా ముందుకు వెళ్లారు. ఇంకో సంగతి, మళ్లీ మళ్లీ చదివినవారికే తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువ.

పుస్తకం తెరిచి ఉన్నప్పుడు కలిగే "వచ్చేసింది" అన్న భావన కళ్లకు అలవాటైన వాక్యాల వల్ల వస్తుంది. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద పాఠం పేరు రాసి, గుర్తొచ్చినదంతా రాయండి. మొదటిసారి నాలుగు వాక్యాలే వస్తాయి. బాధేస్తుంది. ఇప్పుడు పుస్తకం తెరిచి వదిలేసినవాటిని వేరే రంగు కలంతో చేర్చండి. రెండు రోజులాగి మళ్లీ అదే పని చేయండి, తర్వాత వారానికి మళ్లీ. మా పిల్లలు ఆ కాగితాలను దాచుకుంటారు. మొదటి కాగితంలో ఎరుపు ఎక్కువ, మూడోదానిలో నీలం ఎక్కువ. ఏడుస్తూ నా దగ్గరకు వచ్చిన అమ్మాయి ఆ మూడు కాగితాలనూ బల్ల మీద వరుసగా పరచి చూపించిన రోజు నాకు బాగా గుర్తుంది.

పరీక్ష హాల్లో చేతులు చల్లబడి, ప్రశ్నపత్రం చూడగానే అంతా చెరిగిపోతుంది.

ఆందోళన మెదడులో అప్పటికప్పుడు లెక్క కట్టే చోటును ఆక్రమించుకుంటుంది. ఫెయిలైతే ఎలా, ఇంట్లో ఏమంటారు అన్న ఆలోచనలు అక్కడ తిరుగుతుంటే ప్రశ్నకు చోటుండదు. జెరార్డో రామిరెజ్, షాన్ బైలాక్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో తొమ్మిదో తరగతి విద్యార్థులు జీవశాస్త్రం పరీక్షకు ముందు పది నిమిషాలపాటు తమ భయాలను కాగితం మీద రాశారు. పరీక్షలంటే బాగా భయపడేవారికి దానివల్ల మార్కులు మెరుగయ్యాయి. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పలేను గానీ, ప్రయత్నిస్తే పోయేది ఒక కాగితమే.

హాల్లోకి వెళ్లాక ఊపిరి తీసుకున్న సమయం కన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా ఐదారుసార్లు వదలండి. పత్రం మొత్తం ఒకసారి చూసి, బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి. మొదటి జవాబు పూర్తయ్యేసరికి చెయ్యి వేడెక్కుతుంది.

పరీక్షల ముందు రాత్రి ఎంతసేపు మేలుకోవచ్చు?

మేలుకోవద్దు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. చదివినది స్థిరపడేది ఆ నిద్రలోనే. కెఫీన్ ఉన్న పానీయం సాయంత్రం తాగితే, ఐదు గంటల తర్వాత కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. కౌమారంలో నిద్ర ముంచుకొచ్చే వేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది. పదకొండు దాకా నిద్ర రాకపోవడం, పొద్దున్నే లేవలేకపోవడం సోమరితనం కాదు, ఒంటి గడియారం అలా మారుతుంది. అందుకే హైస్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలుకాకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో సూచించింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి అది చట్టంగా అమలవుతోంది. మీ విద్యార్థి మండలి ధైర్యంగా ముందుకు తీసుకెళ్లదగ్గ డిమాండు ఇది.

ఒకే వారంలో అన్ని టెస్టులు, అన్ని ప్రాజెక్టులు, పైగా కార్యక్రమం రిహార్సళ్లు. ఇది ఎవరి తప్పు?

చాలాసార్లు ఎవరి తప్పూ కాదు. అందుకే దాన్ని ఎవరూ సరిచేయరు.

ఒక ఏడాది విద్యార్థి మండలి పిల్లలు నాలుగు డ్రాయింగు కాగితాలు అతికించి మూడు నెలల క్యాలెండర్ గీశారు. పరీక్షకు ఎర్ర చుక్క, ప్రాజెక్టు గడువుకు నీలం, రిహార్సల్‌కో పోటీకో పచ్చ. ఒక్కొక్క సబ్జెక్టు ఉపాధ్యాయుడి దగ్గరకూ వెళ్లి తేదీలు అడిగి చుక్కలు పెట్టారు. ఆ కాగితాన్ని స్టాఫ్ రూములో గోడకు అంటించారు. ఒక గురువారం గడిలో ఆరు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి, పచ్చ చుక్కకు చోటు చాలక గీత బయట పెట్టారు. లెక్కల సారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు ఆ గడి వైపే చూశారు. "నా టెస్టు ఒక్కటే కదా అనుకున్నాను" అన్నారు. సైన్సు మేడం కూడా అదే అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఆరుగురం ఆరు గదుల్లో ఒక్కొక్క చుక్క పెట్టాం. ఆరూ పడింది ఒకే పిల్లల మీద.

అరగంటలో మూడు చుక్కలు కదిలాయి. ఒక ఎర్ర చుక్క తర్వాతి సోమవారానికి వెళ్లింది, ఒక నీలం చుక్కకు వారం గడువు పెరిగింది, రిహార్సల్ రద్దయింది. అప్పటినుంచి మా దగ్గర ఒక నియమం ఉంది: ఒక తరగతికి ఒక రోజున రెండుకు మించి చుక్కలు పడకూడదు, పరీక్షలకు ముందు రెండు వారాలు పచ్చ చుక్క ఉండకూడదు. ఒత్తిడి తగ్గించుకోమని పిల్లలకు ఏటా ఉపన్యాసాలు ఇప్పించేవాళ్లం. ఆ ఉపన్యాసాలన్నీ చేయలేని పని ఆ నాలుగు కాగితాలు చేశాయని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కార్యక్రమాల వల్ల చదువు దెబ్బతింటుందని తల్లిదండ్రులంటున్నారు.

పద్ధతి లేకుండా నడిపితే దెబ్బతింటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నెలరోజులపాటు మధ్యాహ్నం పీరియడ్లన్నీ రిహార్సళ్లకు పోతే వారి కోపం న్యాయమైనదే. వారానికి ఎన్ని గంటలు, ఏ వేళల్లో, ఏ రోజుతో ముగుస్తుంది అన్నది ముందే కాగితం మీద రాసి ఇంటికి పంపండి. రాసిన గంటకు ముగించండి. అభ్యంతరాలు వాటంతటవే తగ్గుతాయి.

అయితే పిల్లలు బడికి రావడానికి కారణం మార్కులొక్కటే అయిపోతే, మార్కులు తగ్గిన రోజు వారికి బడిలో ఏమీ మిగలదు. లెక్కల్లో వెనుకబడ్డ పిల్లవాడు వేదిక దీపాల తీగలు తప్పు లేకుండా కలపగలడని తోటివారు చూసిన మర్నాడు, తరగతిలో అతను కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

ఏటా వార్షికోత్సవంలో అదే నలుగురైదుగురు వేదిక మీద. మిగతావాళ్లం చప్పట్లు కొట్టాలా?

వేదిక చిన్నది కాబట్టి అలా జరుగుతుందని అనుకుంటారు. నిజానికి పనుల జాబితా చిన్నది. పాట, నాటిక, ఉపన్యాసం, బహుమతులు అంటే నలుగురికే పని. అదే జాబితాలో ధ్వని, వెలుగు, ఫొటోలు, అతిథులను దారి చూపి కూర్చోబెట్టడం, లెక్కలు రాయడం, చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారి చూసుకోవడం, మర్నాటి శుభ్రత కూడా చేర్చి, పేర్లు అన్నీ ఒకే పరిమాణంలో అక్షరాలతో కరపత్రంలో వేయండి. ఒక పెద్ద ఉత్సవం బదులు సంవత్సరం పొడవునా చిన్నవి పెట్టుకుంటే ఇంకా మంచిది: ఒక తరగతి మరో తరగతికి చూపే సైన్సు ప్రయోగం, గ్రంథాలయంలో కథ చదివే సాయంత్రం, నలుగురి ముందు మాట్లాడటానికి జంకేవారి కోసం పదిహేనుమందే ఉండే సభ. వందలమంది ముందు నోరు పెగలని పిల్ల పదిహేనుమంది ముందు చక్కగా మాట్లాడుతుంది.

చుట్టుపక్కలవారితో కలిసి కార్యక్రమం పెట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ఏం చేయాలో బడిలో కూర్చుని తేల్చకండి, బయటికి వెళ్లి అడగండి. మా పిల్లలు ఒకసారి చెట్లు నాటాలని ఉత్సాహంగా నిర్ణయించారు. బడి పక్క వీధిలో పెద్దవారిని అడిగితే మొక్కలు వద్దు, ఫోనులో వచ్చే మోసపు సందేశాలను గుర్తుపట్టడం నేర్పమన్నారు. అలా శనివారం మధ్యాహ్నం తరగతులు మొదలయ్యాయి. ఒక్కొక్క పెద్దవారి పక్కన ఒక్కొక్క విద్యార్థి. పాఠం మా పిల్లలు చెప్పారు గానీ, ఓపిక నేర్చుకున్నదీ వారే. అదే మాటను నాలుగోసారి విసుగు లేకుండా చెప్పడం ఎలాగో ఏ తరగతిలోనూ నేర్పం.

డబ్బు సంగతి క్లుప్తంగా: వచ్చినది, ఖర్చయినది పిల్లలే రాయాలి, ఆ లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టాలి. పోర్చుగల్ 2017లో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంకో అడుగు ముందుకు వేసింది. బడి నిధుల్లో కొంత భాగాన్ని దేనికి వాడాలో విద్యార్థులే ప్రతిపాదించి ఓటు వేస్తారు.

మా అబ్బాయి ఏమీ చెప్పడు. మార్కులు పడిపోయాయి, గదిలోంచి బయటికి రాడు. ఏమని అడగాలి?

మార్కులతో మొదలుపెట్టకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడగడం కన్నా పక్కపక్కన నడుస్తూనో, ఏదో పని చేస్తూనో మాట్లాడితే పిల్లలు త్వరగా నోరు విప్పుతారు. "ఈమధ్య నువ్వు అలసిపోయినట్టు కనిపిస్తున్నావు, ఏది ఎక్కువ బరువుగా ఉంది నాన్నా?" అని అడిగి ఆగండి. మౌనాన్ని మీరే పూరించకండి. చెప్పడం మొదలుపెట్టాక సలహా ఇవ్వకుండా ఒక పావుగంట ఉండగలిగితే సగం పని అయినట్టే.

బతకడం దండగ అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఒంటి మీద గాయాలు కనిపించడం, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం గమనిస్తే నేరుగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడం వల్ల పిల్లలకు ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, హాని చేసుకోగల వస్తువులు అందకుండా చూడండి, మీ ప్రాంతపు సహాయవాణికో, ఆసుపత్రికో, మానసిక వైద్యులకో ఆ రోజే చేరండి. కోప్పడటం, ఒట్టు వేయించుకోవడం పనిచేయవు.

నేను తరగతి ప్రతినిధిని. అందరి బాధలూ వింటూ నాకే బరువుగా ఉంది.

మీ పని మాట చేరవేయడం. అన్నిటినీ పరిష్కరించడం మీ మీద ఎవరూ పెట్టని భారం, మీరే ఎత్తుకున్నారు. ఒకరు మీతో రహస్యం చెప్పబోతే ముందే ఈ మాట చెప్పండి: "నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదముంటే నేను టీచరుకు చెప్తాను." ప్రాణానికి సంబంధించిన రహస్యాన్ని దాచడం స్నేహం కాదు. మీ బాధ చెప్పుకోవడానికి మీకూ ఒక పెద్ద మనిషి ఉండాలి. ఎవరూ లేరనిపిస్తే విద్యార్థి మండలి చూసే ఉపాధ్యాయుల దగ్గరకు రండి, అందుకే ఉన్నాం.

అడిగాం, "కుదరదు" అన్నారు. ఇక వదిలేయాలా?

కారణం రాసి ఇమ్మనండి. మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారో తేదీ అడగండి. కారణం తెలిస్తే రెండోసారి ఏం మార్చి అడగాలో తెలుస్తుంది.

మధ్యాహ్న విరామంలో గ్రంథాలయం తెరవమని మా పిల్లలు అడిగితే మొదటిసారి కుదరదన్నారు. కారణం: ఆ వేళ చూసుకునే మనిషి లేరు. రెండో విడత పిల్లలు తామే వంతులు వేసుకుంటామన్నారు, మళ్లీ కుదరదన్నారు. కారణం: పుస్తకాలు పోతే బాధ్యులెవరు. మూడోసారి వెళ్లినప్పుడు వారి చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి నెల రోజుల వంతుల పట్టిక, రెండోది పుస్తకం తీసినవారు, పెట్టినవారు సంతకం చేసే రిజిస్టరు నమూనా. ప్రధానోపాధ్యాయులు రెండూ చదివి, పట్టికలో మంగళవారం గడి ఖాళీగా ఉండటం చూసి, అక్కడ తన పేరు రాశారు.